మాళిగలో ఇచ్చిన మాట

పదకొండో ఫోను మోగి మోగి ఆగిపోయింది. వ్లాస్తా ఎత్తలేదు. రబ్బరు బూట్లు ఇంకా కాళ్ళకే ఉన్నాయి. మోచేతుల దాకా రుద్ది కడుక్కున్నా పశువుల కొట్టం వాసన వదల్లేదు. పొద్దున్నే పొరుగూళ్ళో ఆవు కడుపులో అడ్డం తిరిగిన దూడను బయటికి తీసి, తల్లీ పిల్లా క్షేమమని రైతుకు చెప్పి, రేడియోలో పాటలు వింటూ హాయిగా ఇంటికి వచ్చింది. వచ్చేసరికి వంటింటి బల్ల మీద జిల్లా వారపత్రిక పరిచి ఉంది.

మొదటి పేజీలో ఫొటో. నేల కింద వైన్ పులియబెట్టే తమ సొంత మాళిగే. పీపాల ముందు తన భర్త రాదిమ్, పక్కన రైతు సమాఖ్య పార్టీ పెద్ద ఓత్మార్ షెబెలా. ఇద్దరి చేతుల్లోనూ సగం పులిసిన కొత్త ద్రాక్షరసం గ్లాసులు. కింద పెద్ద అక్షరాల్లో షెబెలా మాటలు: "మా ఓట్లు డాక్టరమ్మకే. సెనేట్‌లో ఆమె మా పక్కనే కూర్చుంటారు."

రేపు శుక్రవారం. మధ్యాహ్నం రెండు గంటలకు సెనేట్ ఎన్నికల రెండో విడత పోలింగు మొదలు.

"ఎప్పుడు జరిగిందిది?" అంది వ్లాస్తా.

రాదిమ్ పొయ్యి దగ్గర నిలబడి, కలపాల్సిన పనిలేని సూపును కలుపుతున్నాడు. ఆదివారం అన్నాడు. తను పిలవలేదట. ఏటా వచ్చినట్టే షెబెలా కొత్త రసం రుచి చూడటానికి వచ్చాడట. మాటలో మాట వచ్చిందట.

"ఆదివారం నుంచి ఇవాళ్టికి నాలుగు రోజులు. నాలుగు రోజులూ నా పక్కనే పడుకున్నావు."

"చెబుదామనే అనుకున్నాను."

"ఎప్పుడు చెబుదామని?"

"గెలిచాక."

పక్క గదిలోంచి దగ్గు లాంటి నవ్వు వినిపించింది. అత్తగారు అనేష్కా. ఎనభై ఒక్కేళ్ళ వయసులో పియర్ చెట్టెక్కి, నిచ్చెన మీంచి జారి తుంటి విరగ్గొట్టుకుని నెలరోజులుగా మంచంలో ఉంది. ఆ తలుపు ఎప్పుడూ తెరిచే ఉండాలని ఆవిడ ఆజ్ఞ. గాలి కోసం అని చెబుతుంది.

రాదిమ్ గరిటె పక్కన పెట్టి ఇటు తిరిగాడు. అతను తప్పు చేసినవాడిలా మాట్లాడలేదు. లెక్క వచ్చినవాడిలా మాట్లాడాడు. మొదటి విడతలో ప్రగతి కూటమి తరఫున నిలబడ్డ హనాక్ మొదటివాడు, వ్లాస్తా రెండోది, షెబెలా మూడోవాడు. మొదటి ఇద్దరే మిగిలారు. హనాక్‌కీ ఆమెకీ తేడా వెయ్యి ఓట్లు. మొదటి విడతకే పదిమందిలో నలుగురు వచ్చారు. రెండో విడతకు ఇద్దరు వస్తే గొప్ప. అక్టోబరు ఎండ బాగుంది, జనం అడవిలో పుట్టగొడుగులు ఏరుకోవడానికీ, తోట ఇళ్ళు సర్దుకోవడానికీ పోతారు. ఎండైనా వానైనా, చెప్పగానే లేచి వచ్చి ఓటేసేవాళ్ళు షెబెలా మనుషులే. ఆరు వేలమంది.

"నేను నిన్ను అమ్మలేదు వ్లాస్తా. నీకు ఆరు వేల ఓట్లు తెచ్చాను."

"నా మాట ఇచ్చి తెచ్చావు."

"నా మాటే ఇచ్చాను. నా మాళిగలో."

పన్నెండో ఫోను మోగింది. ఈసారి ఎత్తింది.

కొండ మీది ఊళ్ళో మేకలు పెంచుకునే హెద్వికా. మామూలుగా ఫోనులో గట్టిగా అరుస్తూ మాట్లాడే మనిషి. ఇవాళ మెల్లగా మాట్లాడింది. పాల కేంద్రం ఎత్తేసినప్పుడు షెబెలా వాళ్ళు తన ముఖం కూడా చూడలేదని, అది డాక్టరమ్మకు తెలుసునని, ఆమె వాళ్ళ మనిషి కాదనే తను సంతకం పెట్టానని చెప్పింది.

"నా పేరు తీసేయండి డాక్టరమ్మా."

"అది తీయడానికి వీల్లేదు హెద్వికా. ఆ కాగితాలు వేసవిలోనే ఎన్నికల ఆఫీసుకి చేరాయి."

"అయితే అందులో నా పేరు ఉండగానే మీరు అబద్ధమాడారన్నమాట."

ఫోను పెట్టేసింది. కోపంగా కూడా పెట్టలేదు.

వ్లాస్తా ఆ ఫోనునే చూస్తూ కూర్చుంది. ఏ పార్టీ లేకుండా సెనేట్‌కి నిలబడాలంటే వెయ్యిమంది ఓటర్ల సంతకాలు తేవాలి. ఆమె వాటిని కుక్కలకు టీకాలు వేసే రోజుల్లో ఊరూరా తిరిగి తెచ్చింది. జనం ఒక చేత్తో కుక్క గొలుసు పట్టుకుని, ఇంకో చేత్తో ఆమె కారు బానెట్ మీద సంతకం పెట్టారు. పెట్టేముందు ప్రతి ఒక్కరూ ఒకే ప్రశ్న అడిగారు, మీ వెనక ఎవరున్నారని. ఎవరూ లేరు, ఉండరు అని వెయ్యిసార్లు చెప్పింది. ఆ మాట చెప్పడానికి ఏనాడూ సంకోచించలేదు. నిజం కాబట్టి.

"కాదని ఇప్పుడే పత్రికకు ఫోను చేస్తాను," అంది.

రాదిమ్ పొయ్యి ఆర్పి, కుర్చీలో కూర్చున్నాడు.

"చెయ్యి. కాదని చెప్పు. తర్వాత మాళిగల వీధిలోకి నేనెలా వెళ్ళాలో అది కూడా నువ్వే చెప్పు."

ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేని విషయం అది. మాళిగలో గ్లాసు చేతికిచ్చి, చెయ్యి కలిపి ఇచ్చిన మాటకు కాగితం అడగరు. తోటల హద్దులు, పెళ్ళిళ్ళు, పంపకాలు అన్నీ అక్కడే తేలుతాయి. తప్పినవాడికి ఎవరూ శిక్ష వేయరు. అతని మాళిగకు గ్లాసు పట్టుకుని ఎవరూ వెళ్ళరు, అంతే. చిజెక్ కుటుంబం ఒక ద్రాక్ష తీగల వరుస విషయంలో మాట తప్పింది. పందొమ్మిదేళ్ళు ఆ గడప ఎవరూ తొక్కలేదు. చివరికి పీపాలు అమ్మేసుకుని బ్రనో నగరానికి వెళ్ళిపోయారు. రాదిమ్ ఆ వీధి సంఘానికి పెద్ద. ఆ కుర్చీ తప్ప అతనికి ఈ లోకంలో మరో పదవి లేదు, కోరుకోలేదు కూడా.

"ఇచ్చిన మాట వెనక్కి తీసుకోలేవు," అంది వ్లాస్తా మెల్లగా. "పుచ్చుకున్నవాడు తిరిగి ఇవ్వచ్చు కదా."

"షెబెలా ఇస్తాడా?"

"ఇరవై ఏళ్ళుగా ఆయన ఆవుల్ని చూస్తున్నాను. మూడు గంటలకి మాళిగకి రమ్మను."

సూపు ఎవరూ తాగలేదు. అనేష్కా ఒక్కతే రెండు గిన్నెలు తాగింది.

*

షెబెలా సరిగ్గా మూడింటికి వచ్చాడు. భారీ మనిషి, అరవై ఏడేళ్ళు, మాళిగ మెట్లు దిగేటప్పుడు టోపీ తీసి చంకలో పెట్టుకునే మర్యాద. లోపల చల్లగా, తడి రాయి వాసనగా ఉంది. రాదిమ్ పొడుగాటి గాజు గొట్టంతో పీపాలోంచి తీసి మూడు గ్లాసుల్లో పోశాడు. రెండు చుక్కలు నేలమీద పడ్డాయి. అవి ముగ్గురూ చూశారు.

"మా ఆవులకి ఓటు హక్కు ఉంటే మీకు రెండో విడతే ఉండేది కాదు డాక్టరమ్మా," అన్నాడు షెబెలా.

"ఆవులు పత్రికలు చదవవు. అందుకే అవంటే నాకిష్టం."

ఆయన పెద్దగా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. తర్వాత గ్లాసు పీపా మీద పెట్టి, తనను ముందుగా అడిగి ఉండాల్సిందని చెప్పింది.

"అడిగితే కాదనేవారు. అందుకే అడగలేదు. మీ ఆయన్ని అడిగాను, అవునన్నాడు."

దాచకుండానే మాట్లాడాడు. సెనేట్‌లో తమ పార్టీవాళ్ళు నలుగురున్నారని, ఐదుగురు ఉంటేనే అక్కడ ఒక జట్టు కింద లెక్కని, జట్టు అయితే గది ఉంటుందని, కమిటీల్లో కుర్చీలుంటాయని, మాట్లాడటానికి మొదటి వరస దొరుకుతుందని వివరించాడు. నలుగురైతే వరండాలో కాఫీ తాగే మనుషులు. ప్రాగ్‌లో వరండాలో కాఫీ తాగడానికి ఈ జిల్లా రైతులు వాళ్ళను పంపలేదు. ఆమెను ఏ చట్టానికీ చెయ్యి ఎత్తమనడు. వచ్చి ఆ ఐదో కుర్చీలో కూర్చుంటే చాలు.

వినడానికి న్యాయంగానే ఉంది. అందుకే వ్లాస్తాకు అది మరీ ప్రమాదంగా తోచింది.

"ఆయన ఇచ్చిన మాట ఆయనకి తిరిగి ఇచ్చేయండి షెబెలా గారూ."

"ఇస్తే నాకేం మిగులుతుంది?"

"మీ మీద నాకున్న గౌరవం."

"దాన్ని చూపిస్తే సెనేట్‌లో గది ఇవ్వరమ్మా."

"ఇవ్వకపోతే ఐదింటికి ఫైర్‌స్టేషన్ హాల్లో నా సభలో జనానికి నిజం చెబుతాను."

"చెప్పండి." ఆయన గొంతులో బెదిరింపు లేదు. వాతావరణం గురించి చెబుతున్నట్టు చెప్పాడు. "మా వాళ్ళు రేపు ఇంట్లో కూర్చుంటారు. మీ ఆయన ఇక్కడ ఒంటరిగా తాగుతాడు. హనాక్ సెనేట్‌కి వెళ్తాడు. మనందరం మాత్రం నిజాయితీపరులం."

రాదిమ్ వైపు గ్లాసు చాచాడు. "ఇంకొంచెం పొయ్యి. ఈ ఏడు బాగా కుదిరింది."

రాదిమ్ పోశాడు. షెబెలా తాగి, మీసం తుడుచుకుని, ఐదింటికి తను కూడా హాలుకు వస్తానని, మూడో వరసలో కూర్చుని చప్పట్లు కొడతానని చెప్పి మెట్లెక్కాడు. పైకెళ్ళాక టోపీ పెట్టుకున్నాడు.

*

సభకు బట్టలు మార్చుకోవడానికి వ్లాస్తా ఇంటికి వచ్చింది. రాదిమ్ గ్లాసులు కడిగి వస్తానని మాళిగలోనే ఉండిపోయాడు. మూడు గ్లాసులు కడగడానికి అంతసేపు పట్టదని ఇద్దరికీ తెలుసు.

"ఇలా రా అమ్మాయ్," అని అత్తగారు పిలిచింది. "తలుపు వేసి రా."

ఆ తలుపు వేయమని ఆవిడ అనడం నెలరోజుల్లో అదే మొదటిసారి.

వ్లాస్తా మంచం అంచున కూర్చుంది. షెబెలా ఏమన్నాడని ఆవిడ అడిగింది. వ్లాస్తా అంతా చెప్పింది. అనేష్కా దుప్పటి మీద లేని ముడతలు సర్దుతూ విన్నది. ఈ ఊళ్ళో రైతు సమాఖ్య మొదటి సమావేశం జరిగింది ఆవిడ వంటింట్లోనే. పోయిన మామగారు దానికి మొదటి కార్యదర్శి. ఈ ఇంట్లో ఆ పార్టీ గురించి ఎవరూ వేళాకోళంగా మాట్లాడరు.

"సొంతం కాని మాళిగలో ఇచ్చిన మాట చెల్లదు," అంది అనేష్కా. "ఆ కట్టుబాటు షెబెలాకీ తెలుసు."

"మాళిగ రాదిమ్‌దే కదా అత్తయ్యా."

"కాదు. నాది."

వ్లాస్తా ఆవిడ వైపు పూర్తిగా తిరిగింది.

"మీ మామ పోయినప్పుడు నా పేరున రాయించాను. రెండు మూడేళ్ళాగి వాడి పేరున మారుద్దామనుకున్నా. ఇరవై రెండేళ్ళయింది."

"ఎందుకు మార్చలేదు?"

"బ్యాండువాళ్ళు బాగా వాయించారని ఒక పీపా మొత్తం ఇచ్చేశాడు. గుర్తుందా?"

"అది మా పెళ్ళికి."

"ఎవరి పెళ్ళికైతేనేం. ఇచ్చే చెయ్యి అదే. ఇప్పుడు చూడు, పీపా అయిపోయి నిన్నే ఇచ్చేశాడు."

నవ్వు రావలసిన చోటే. ఇద్దరికీ కొంచెం వచ్చింది కూడా. తర్వాత వ్లాస్తా, రాదిమ్‌కు ఈ విషయం తెలుసా అని అడిగింది. తెలుసునంది అనేష్కా. ఏటా పన్ను కాగితం వచ్చినప్పుడు అతను పోస్టమ్మాయి కంటే ముందే గేటు దగ్గరికి వెళ్ళేది అందుకేనంది. సొంత మాళిగ లేనివాడు వీధి సంఘానికి పెద్దగా ఉండటానికి వీల్లేదు. ఆ సంగతి ఎవరికీ తెలియకుండా పన్నెండేళ్ళుగా నెట్టుకొస్తున్నాడు.

"కాగితం బీరువాలో ఉంది, నా చేతి రుమాళ్ళ కింద," అంది ఆవిడ. "కావాలంటే తీసుకెళ్ళు. షెబెలా నోరు మూయిస్తుంది. నేను మాత్రం నా నోటితో చెప్పను. నా కొడుకు."

"మీ పార్టీకి వ్యతిరేకంగా నాకెందుకు చెప్పారు?"

అనేష్కా కిటికీ వైపు చూసింది. "మా ఆయన ఆ పార్టీ పెట్టినప్పుడు మనుషుల్ని అడిగి చేర్చుకునేవాడు."

రేపు ఓటు ఎవరికని వ్లాస్తా అడిగింది. కదల్లేనివాళ్ళ కోసం ఓటు పెట్టెను ఇంటికి మోసుకొస్తామన్నారని, అది వచ్చాక చూస్తానని చెప్పి ఆవిడ కళ్ళు మూసుకుంది. నిద్ర పోలేదు. సంభాషణ ముగిసిందని అర్థం.

వ్లాస్తా బీరువా తెరిచింది. తన నీలం కోటు తీసుకుంది. చేతి రుమాళ్ళ అర ముందు ఒక్క నిమిషం నిలబడింది.

ఆ కాగితం బల్ల మీద పెడితే అంతా ఒక్కసారిగా తేలిపోతుంది. తన మాట నిలుస్తుంది, షెబెలాకు దారి మూసుకుపోతుంది. రాదిమ్ మాత్రం యాభై ఆరేళ్ళ వయసులో ఊరందరి ముందు అమ్మ మాళిగలో కాపలా ఉన్న కుర్రాడైపోతాడు. అతను తనను అడగకుండా తన మాటను తీసి ఇంకొకరికి ఇచ్చేశాడు. ఇప్పుడు అతన్ని అడగకుండా అతని పరువును తీసి తను ఇచ్చేయడమా.

బీరువా మూసేసింది. ఆశ్చర్యంగా మనసు తేలికైంది. షెబెలా ఆరు వేలమంది రాకపోయినా ఫరవాలేదు. ఎవరూ చెప్పకుండానే వచ్చి ఓటేసేవాళ్ళు కూడా ఈ జిల్లాలో ఉన్నారు. వాళ్ళ కొట్టాలన్నీ తనకు తెలుసు, వాళ్ళ కుక్కల పేర్లు కూడా తెలుసు. గెలవచ్చు. తన మాటతోనే గెలవచ్చు.

గేటు బయట కారు పక్కన రాదిమ్ నిలబడి ఉన్నాడు. శుభ్రమైన చొక్కా వేసుకున్నాడు.

"నువ్వు రానక్కర్లేదు," అంది.

"తెలుసు," అని కారెక్కాడు.

ఊరి చివర మలుపు దగ్గర, తలుపు వేసుకుని అమ్మ ఏం చెప్పిందని అడిగాడు. తను మాళిగ నుంచి వచ్చేసరికి ఆ తలుపు మూసి ఉండటం చూశాడట.

"మాళిగ సంగతి చెప్పింది. నేను ఎక్కడా అనను."

అతను కిటికీ అద్దం కిందికి దించి, మళ్ళీ పైకి ఎత్తాడు.

*

హాల్లో రెండు వందల కుర్చీలు సరిపోలేదు. గోడలకు ఆనుకుని నిలబడ్డారు. గసగసాల బన్నుల పళ్ళాలు చేతులు మారుతున్నాయి. గత వారం ఇదే హాల్లో హనాక్ కోసం ప్రాగ్ నుంచి ఇద్దరు మంత్రులు దిగి కాల్చిన సాసేజులు పంచారు, అయినా ఇంతమంది రాలేదు. మూడో వరసలో షెబెలా, చుట్టూ ముప్ఫైమంది ఆయన మనుషులు. వెనక తలుపు దగ్గర కొండ మీది హెద్వికా, కోటు విప్పకుండా, ఏ క్షణమైనా వెళ్ళిపోయేటట్టు నిలబడి ఉంది.

వ్లాస్తా మైకు పక్కకు జరిపింది. ఆవులతో మాట్లాడే గొంతు, హాలుకు సరిపోతుంది.

"పత్రిక అందరూ చూశారు కాబట్టి దాంతోనే మొదలుపెడతాను. షెబెలా గారి పార్టీ పక్కన కూర్చుంటానని నేను ఎవరికీ మాట ఇవ్వలేదు. నన్నడగకుండా నా తరఫున ఇచ్చారు. మంచి మనసుతోనే ఇచ్చారు. అయినా అది నా మాట కాదు. దాని మీద నేను నిలబడను."

బన్నుల పళ్ళెం ఎక్కడో ఆగిపోయింది.

"షెబెలా గారు చెడ్డవారు కాదు. ఐదో మనిషి కావాలని ఆయన అడగడం తప్పు కాదు. కానీ మీరు బానెట్ మీద సంతకం పెట్టేటప్పుడు నేనొకటి చెప్పాను. ఇప్పుడూ అదే చెబుతున్నాను. దీనివల్ల ఎవరైనా రేపు ఇంట్లో కూర్చోవాలనుకుంటే కూర్చోవచ్చు. మిగిలినవాళ్ళు చాలు నాకు."

హెద్వికా కోటు మొదటి బొత్తాం విప్పింది.

మూడో వరసలో షెబెలా లేచాడు. చప్పట్లు కొట్టలేదు. వ్లాస్తా వైపు కాకుండా, పక్క గోడ దగ్గరున్న రాదిమ్ వైపు తిరిగాడు. అందరికీ వినిపించేలా, కోపం లేకుండా అడిగాడు.

"రాదిమ్, నీ మాళిగలో నువ్వు నాకు చెయ్యి ఇచ్చావా లేదా?"

ఆ వీధి మాళిగలవాళ్ళు దాదాపు అందరూ అక్కడున్నారు. తలలన్నీ అటు తిరిగాయి. వ్లాస్తా నోరు తెరిచింది. ఏదో ఒకటి అడ్డం వేయాలి, ఏదైనా సరే.

రాదిమ్ గోడ దగ్గర నుంచి ఒక అడుగు ముందుకు వేశాడు. ఆమె వైపు చూసి, వద్దన్నట్టు తల ఆడించాడు.

"ఇచ్చాను ఓత్మార్. కానీ ఆ మాళిగ నాది కాదు. మా అమ్మది. ఏనాడూ నాది కాలేదు." వీధివాళ్ళ వైపు తిరిగాడు. "ఇంకొకటి. నేనిచ్చిన మాట కూడా నాది కాదు. రెండూ నావి కానివే ఇచ్చాను."

ఎవరూ నవ్వలేదు. నవ్వుతారేమోనని అతను ఒక్క క్షణం ఆగాడు. తర్వాత జేబులోంచి సంఘం పెద్ద దగ్గరుండే తాళంచెవి తీసి, పక్కన కూర్చున్న ముసలి మాళిగ యజమాని చేతిలో పెట్టాడు. ఆ ముసలాయన దాన్ని ఏం చేయాలో తెలియక అరచేతిలో అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

షెబెలా టోపీని రెండు చేతులా తిప్పుతూ నిలబడిపోయాడు. ఏదో లెక్క తప్పిందన్న సంగతి ఆయన ముఖంలో కనిపించింది. ఎక్కడ తప్పిందో ఇంకా తెలియలేదు.

"అయితే డాక్టరమ్మా," అన్నాడు చివరికి, "రేపు రెండింటికి మా వాళ్ళకి నేనేం చెప్పాలి?"

"ఏమీ చెప్పకండి షెబెలా గారూ. వాళ్ళు పెద్దవాళ్ళు."

ఆయన తన ముప్ఫైమంది వైపు తిరిగాడు, లేవమని చెప్పడానికో, కూర్చోమని చెప్పడానికో. వాళ్ళలో ఒక్కరు కూడా ఆయన్ని చూడటం లేదు. గోడ పక్కన ఒంటరిగా నిలబడ్డ రాదిమ్ వైపు చూస్తున్నారు.